స్క్రీన్ మీది బటన్లను గుర్తుపట్టే బాట్‌ను అప్‌డేట్ చేయడం ఎట్లా?

"అన్నా, కంప్యూటర్ మార్చినంక బాట్ సేవ్ కొడ్తలేదు, జర చూడరాదు."

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. అప్పటి నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. వరంగల్ ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి (కమీషన్) దుకాణాల్లో, జిన్నింగ్ మిల్లుల ఆఫీసుల్లో చిన్న చిన్న బాట్లు నడుస్తుంటాయి. తక్‌పట్టీ, అంటే రైతు సరుకు అమ్మినప్పుడు ఇచ్చే చీటీలోని బరువు, ధర ఒక పాత ప్రోగ్రాంలో చదివి, లెక్కల ప్రోగ్రాంలో ఎక్కించడం వాటి పని. ఆ పాత ప్రోగ్రాంలు వేరే సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడవు. అందుకే బాట్ కూడా గుమాస్తాలాగే స్క్రీన్ చూసి, బటన్ గుర్తుపట్టి నొక్కాలి.

విండోస్ మీద పైథాన్ భాష, చిత్రాలు పోల్చే ఓపెన్‌సీవీ, మౌస్, కీబోర్డ్ నడిపే పైఆటోజీయూఐ, చిత్రంలోని రాత చదివే టెసరాక్ట్ వాడేవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. రెడీమేడ్ ప్యాకేజీ వాడేవాళ్లకు నొక్కాల్సిన మెనూలు వేరుగా ఉంటాయి కానీ పని వరుస ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. బాట్‌కు బటన్ కనపడకపోతే ఆగిపోతుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. కనపడిందనుకుని పక్క బటన్ నొక్కితే మాత్రం ఎవరూ ఫోన్ చేయరు. రాత్రి లెక్క కలవనప్పుడు గానీ బయటపడదు. కింద చెప్పిన జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకం తప్పు కోసమే.

1. ముందు రోజు చూసుకోండి

పత్తి అక్టోబర్‌లో మొదలవుతుంది, దాని వెనకాలే మిర్చి వస్తుంది. ఆ నెలల్లో అప్‌డేట్ జోలికి పోవద్దు. జూన్, జూలై మంచివి. సీజన్ నడుమ తప్పనిసరైతే మార్కెట్‌కు వరుసగా సెలవులు వచ్చే రోజులు పట్టుకోండి. పనికి రెండు రోజులు, పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి చూడటానికి ఇంకో వారం కావాలి.

విండోస్ మార్పు, మానిటర్ మార్పు, లైబ్రరీల అప్‌డేట్ ఈ మూడూ ఒకే రోజు చేయొద్దు. చెడితే ఏది చెడగొట్టిందో తెలియదు.

2. ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టుకోండి

పాత కంప్యూటర్ ఇంకా బాగా నడుస్తున్నప్పుడే ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

- స్క్రీన్ రిజల్యూషన్, ఉదాహరణకు 1920×1080
- డిస్‌ప్లే స్కేల్: 100, 125, 150 శాతాల్లో ఏది
- థీమ్ లైటా, డార్కా. అక్షరాల అంచులు నునుపు చేసే క్లియర్‌టైప్ ఆన్‌లో ఉందా
- మానిటర్లు ఎన్ని, ప్రధానమైనది ఏది
- బాట్ ఆ కంప్యూటర్ మీదే నడుస్తుందా, రిమోట్ డెస్క్‌టాప్‌లో నడుస్తుందా
- పైథాన్ వెర్షన్, పిప్ ఫ్రీజ్ కమాండ్ ఇచ్చే లైబ్రరీల వెర్షన్ల మొత్తం జాబితా
- టెసరాక్ట్ వెర్షన్, అందులోని తెలుగు డేటా ఫైల్ ఏ రకం
- ప్రతి టెంప్లేట్ చిత్రం (బాట్ వెతకడానికి కత్తిరించిపెట్టిన బటన్ బొమ్మ), దానికి పెట్టిన కాన్ఫిడెన్స్ అంకె (ఎంత పోలిక ఉంటే దొరికినట్టో చెప్పేది)

ఇందులో రెండోదే ఎక్కువ ఏడిపిస్తుంది. 100 శాతం స్కేల్‌లో 80 పిక్సెళ్ల వెడల్పున్న బటన్, 125 శాతంలో 100 పిక్సెళ్లు అవుతుంది. ఓపెన్‌సీవీ టెంప్లేట్ మ్యాచింగ్ చిత్రాన్ని పెంచి తగ్గించి చూడదు. మీరిచ్చిన సైజులోనే స్క్రీన్ అంతా జరిపి చూస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావరకు 125 లేదా 150లో వస్తాయి. అప్‌డేట్ కోసమని పిలిస్తే పోయి, స్కేల్‌ను 100కు తెచ్చి, ఒకసారి సైన్ అవుట్ చేయించి, చాయ్ తాగి వచ్చిన దుకాణాలు నాకు చాలా ఉన్నాయి. మీరూ ముందు అది చూడండి. అంతటితో పని అయిపోతే మిగతాది సీజన్ తర్వాత చేసుకోవచ్చు.

3. పరీక్ష స్క్రీన్‌షాట్ల కట్ట

ఇది చేయకుండా ఎవరూ ముందుకు పోవద్దు. పాత బాట్ నడిచే కంప్యూటర్‌లోనే 40 వరకు స్క్రీన్‌షాట్లు తీయండి. బాట్ ఏ లైబ్రరీతో స్క్రీన్ పట్టుకుంటుందో దానితోనే తీయండి.

అన్నీ మంచి స్క్రీన్లే తీస్తే లాభం లేదు. నేను ఒకసారి అదే చేశాను. కొత్త వెర్షన్ అన్నింటిలోనూ సేవ్ బటన్ పట్టుకుంది, సంబురపడి అప్పజెప్పి వచ్చాను. మరునాడు ధర గడి ఖాళీగా ఉండి సేవ్ బటన్ బూడిద రంగులో ఉన్నప్పుడు కూడా అది "దొరికింది" అనుకుని నొక్కుకుంటూ పోయింది. బటన్ పని చేయలేదు, పట్టీ సేవ్ కాలేదు, బాట్ తర్వాతి పట్టీకి పోయింది. సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు. అప్పటి నుంచి నా కట్టలో ఇవన్నీ ఉంటాయి:

- బటన్ మామూలుగా కనపడే స్క్రీన్లు
- అదే బటన్ బూడిద రంగులో, పని చేయని స్థితిలో ఉన్నవి
- మౌస్ బాణం బటన్ మీద ఉండి రంగు మారినవి
- పైన పాపప్ వచ్చి సగం కప్పేసినవి
- ఒకేలా కనిపించే బటన్లు రెండు ఉన్నవి
- ఆ బటన్ అసలు లేని స్క్రీన్లు, కనీసం 10
- తెలుగు పేర్లు, దశాంశ బిందువున్న బరువులు ఉన్నవి

ప్రతి స్క్రీన్‌షాట్‌కు జవాబు కూడా ఎక్సెల్‌లో రాయండి: ఫైల్ పేరు, వెతికే బటన్, దాని ఎడమ పై మూల ఎన్నో పిక్సెల్, వెడల్పు, ఎత్తు. లేకపోతే "లేదు" అని. ఒక పూట పడుతుంది, విసుగ్గా ఉంటుంది. అయినా తర్వాత వచ్చే ప్రతి అప్‌డేట్‌కూ ఇదే కట్ట పనికొస్తుంది.

ఫైళ్లన్నీ పీఎన్‌జీలోనే ఉంచండి. దుకాణం నుంచి గుమాస్తా వాట్సాప్‌లో పంపిన ఫొటోను టెంప్లేట్‌గా కత్తిరించొద్దు. అది కుదించిన జేపీఈజీ, అక్షరాల అంచులన్నీ చెదిరిపోయి ఉంటాయి. తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఇంకొకటి. తక్‌పట్టీ స్క్రీన్ మీద రైతు పేరు, ఫోన్ నంబరు, కొన్నిసార్లు బ్యాంకు ఖాతా కూడా ఉంటాయి. ఆ కట్ట దుకాణం కంప్యూటర్ దాటి బయటకు రాకూడదు.

4. పాతదాన్ని ముట్టకుండా, పక్కన కొత్తది

పాత పైథాన్ వాతావరణం మీద నేరుగా అప్‌గ్రేడ్ కమాండ్ కొట్టొద్దు. వెన్వ్‌తో (లైబ్రరీలను విడి ఫోల్డర్‌లో పెట్టే పైథాన్ సాధనం) కొత్తది కట్టండి. పాత వెన్వ్ ఫోల్డర్‌ను కాపీ చేసి పేరు మార్చితే కుదరదు, దాని లోపల పాత దారులు రాసి ఉంటాయి.

దుకాణంలో నెట్ మీద భరోసా లేకపోతే ఇంటి దగ్గరే పిప్ డౌన్‌లోడ్‌తో వీల్ ఫైళ్లు (లైబ్రరీల ఇన్‌స్టాల్ ఫైళ్లు) దించి పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోండి. ఇంట్లోని పైథాన్, దుకాణంలోని పైథాన్ ఒకే వెర్షన్ కావాలి, లేకపోతే కొన్ని ఎక్కవు. పాత వెర్షన్ల వీల్ ఫైళ్లు కూడా అదే పెన్‌డ్రైవ్‌లో వేరే ఫోల్డర్‌లో పెట్టుకోండి. వెనక్కి రావాల్సి వస్తే అవే దిక్కు.

ఓపెన్‌సీవీ పైథాన్ ప్యాకేజీలు నాలుగు రకాలు: మామూలుది, అదనపు మాడ్యూళ్లున్న కాంట్రిబ్, ఈ రెండింటికీ కిటికీలు చూపించని హెడ్‌లెస్ రూపాలు. నాలుగూ ఒకే పేరుతో లోపలికి వస్తాయి కాబట్టి ఒక్కటే ఉండాలి. రెండు పడితే ఏది పలుకుతుందో చెప్పలేం. ఉన్నవన్నీ తీసేసి, కావలసినది ఒక్కటే ఎక్కించండి.

ఫోల్డర్ పేర్ల సంగతి మరవొద్దు. "మిర్చి పట్టీలు" అని తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్‌లోని చిత్రాన్ని విండోస్ మీద ఓపెన్‌సీవీలో ఫైల్ తెరిచే ఇమ్‌రీడ్ చాలాసార్లు చదవలేదు. పైగా తప్పు అని చెప్పదు, ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. పెట్టడం కుదరకపోతే అంకెల లైబ్రరీ నంపైతో ఫైల్‌ను బైట్లుగా చదివి, ఇమ్‌డీకోడ్‌కు ఇవ్వండి.

5. ఏది ముందు, ఏది వెనక

నేను పాటించే వరుస: పైథాన్, తర్వాత నంపై, ఓపెన్‌సీవీ జంటగా, తర్వాత పైఆటోజీయూఐ, దాని వెంట వచ్చే పైస్క్రీజ్, పిల్లో అనే చిత్రాల లైబ్రరీలు, తర్వాత టెసరాక్ట్, ఉంటే సొంత మోడల్ (8వ మెట్టు), అన్నింటికన్నా చివర విండోస్. ఒక్కో మెట్టు ఎక్కగానే 3వ మెట్టులోని కట్టను ఒకసారి నడపాలి. అది పాసైతేనే తర్వాతిది. కొత్త కంప్యూటరే కొనేశారు కాబట్టి విండోస్ ముందే మారిపోయిందా? అయితే దాని మీద ముందు పాత వెర్షన్లే ఎక్కించి కట్ట నడపండి. అప్పుడు విండోస్ తెచ్చిన తేడా విడిగా తెలుస్తుంది.

నంపై 2 జూన్ 2024లో వచ్చింది. నంపై 1 కోసం కట్టిన పాత లైబ్రరీలు దాని మీద లోడ్ కాకుండానే ఎర్రర్ ఇస్తాయి. భయపడక్కరలేదు, ఇది అరిచే తప్పు. ఆ లైబ్రరీకి కొత్తది దొరికితే ఎక్కించండి, లేకపోతే నంపైని 2 కన్నా తక్కువకు కట్టేయండి.

పైఆటోజీయూఐలో ఉన్న మెలిక వేరే. పాత వెర్షన్లలో చిత్రం దొరకకపోతే నన్ (ఏమీ లేదు) అని తిరిగొచ్చేది. కొత్తవాటిలో ఇమేజ్‌నాట్‌ఫౌండ్ ఎక్సెప్షన్, అంటే పనిని ఆపేసే ఎర్రర్ వస్తుంది. "నన్ వస్తే కిందికి స్క్రోల్ చెయ్" అని రాసుకున్న పాత కోడ్ అంతా అక్కడే ఆగిపోతుంది. దీనికి చాలామంది చేసే మందు రోగం కన్నా చెడ్డది: ఏ ఎర్రర్ వచ్చినా మింగేసే ఎక్సెప్ట్ పెట్టేస్తారు. మౌస్‌ను స్క్రీన్ మూలకు తోస్తే బాట్ ఆగే ఫెయిల్‌సేఫ్ కూడా ఎక్సెప్షనే కదా, అదీ మింగబడుతుంది. ఇక బాట్‌ను ఆపాలంటే ప్లగ్గు పీకాలి. ఆ ఒక్క ఎక్సెప్షన్ పేరు రాసి, దాన్నే పట్టుకోండి.

రంగుల వరుస కూడా చూడండి. పైఆటోజీయూఐ తీసే స్క్రీన్‌షాట్‌లో ఎరుపు ముందు, నీలం చివర. ఓపెన్‌సీవీ చదివే ఫైల్‌లో నీలం ముందు. మార్పిడి వదిలేస్తే ఎర్రటి క్యాన్సిల్ నీలంగా కనిపిస్తుంది. గ్రే చేసి పోల్చినా అంకెలు కొద్దిగా తగ్గుతాయి, ఎందుకో అర్థం కాదు.

6. మార్కుల మధ్య దూరం

ఇక్కడ తొందర పడొద్దు. టెంప్లేట్ మ్యాచింగ్‌లో ఎక్కువమంది వాడే నార్మలైజ్డ్ కోఎఫిషియెంట్ పద్ధతి ప్రతి చోటికీ -1 నుంచి 1 వరకు ఒక మార్కు ఇస్తుంది. బాట్ దాన్ని మీరు పెట్టిన కాన్ఫిడెన్స్‌తో పోలుస్తుంది. అప్‌డేట్ తర్వాత బటన్ దొరకడం లేదంటే అందరూ చేసేది 0.9ని 0.8కి, తర్వాత 0.7కి దించడం. దొరుకుతుంది, నిజమే. దానితోపాటు పక్క బటన్ కూడా దొరుకుతుంది.

అలా కాకుండా ప్రతి టెంప్లేట్‌కు మూడు అంకెలు తీయండి.

మొదటిది, అసలు బటన్‌కు వచ్చిన మార్కు. కట్టలోని స్క్రీన్లన్నింటిలో అతి తక్కువ వచ్చినది రాసుకోండి.

రెండోది, అదే స్క్రీన్‌లో దాని తర్వాత వచ్చిన మార్కు. అసలు బటన్‌కు ఒకటి రెండు పిక్సెళ్ల పక్కన కూడా మార్కు ఎక్కువే ఉంటుంది కాబట్టి, ముందు దొరికిన చోట టెంప్లేట్ సైజంత ప్రాంతాన్ని తుడిచేసి, మిగతా స్క్రీన్‌లో మళ్లీ వెతకాలి.

మూడోది, ఆ బటన్ లేని స్క్రీన్లలో వచ్చిన అతి పెద్ద మార్కు. బూడిద రంగు బటన్‌ను కూడా ఈ లెక్కలోనే వేయండి.

పాత వెర్షన్‌లో అసలుది 0.97, మిగతా రెండింటిలో పెద్దది 0.81 అనుకుందాం. నడుమ 0.9 పెడితే నిశ్చింత. కొత్తదాంట్లో అసలుది 0.93, పక్కది 0.91 వచ్చిందంటే అక్కడ పెట్టడానికి సరైన అంకె ఏదీ లేదు. నేను పెట్టుకున్న హద్దు 0.05. దూరం అంతకన్నా తగ్గితే కాన్ఫిడెన్స్‌తో కుస్తీ ఆపి టెంప్లేట్ మార్చుతాను.

టెంప్లేట్ కొత్తగా కత్తిరించేటప్పుడు:

- బటన్ మీది రాత లేదా గుర్తు అందులో పూర్తిగా ఉండాలి
- చుట్టూ ఖాళీ జాగా ఎక్కువ రాకూడదు. విండోస్ 11లో కిటికీల మూలలు గుండ్రంగా ఉంటాయి, మూలను కత్తిరిస్తే వెనక ఉన్నది కూడా వస్తుంది
- ఒకే రంగు ముక్క అసలు పనికిరాదు, దాని మార్కుకు అర్థం ఉండదు
- రెండు సేవ్ బటన్లుంటే పక్కనున్న పేరుతో కలిపి కత్తిరించండి, లేదా రీజియన్ ఇచ్చి స్క్రీన్‌లో ఆ భాగంలోనే వెతకమనండి

రీజియన్ ఇవ్వడం బద్ధకించకండి. వెతుకులాట వేగమవుతుంది, తప్పుడు బటన్ దొరికే జాగా కూడా తగ్గుతుంది. స్క్రీన్ మొత్తం వెతికే బాట్ మనూళ్లో అడ్రస్ అడగకుండా ఇల్లు వెతికినట్టే.

7. రాత చదివించడం: తెలుగు, అంకెలు

టెసరాక్ట్ 4 నుంచి లోపలి ఇంజన్ మారింది, 5 కూడా దాని మీదే నడుస్తుంది. తెలుగు డేటా ఫైల్ మామూలు, బెస్ట్, ఫాస్ట్ అని మూడు రకాలుగా దొరుకుతుంది. ప్రోగ్రాంను అప్‌డేట్ చేసి డేటా ఫైల్ మరిచిపోవడం, లేదా తెలియకుండా బెస్ట్ స్థానంలో ఫాస్ట్ పడటం మామూలే. 2వ మెట్టులో ఏ రకమో రాయమన్నది అందుకే.

చదివించే ముందు చిత్రాన్ని సిద్ధం చేయాలి. స్క్రీన్ అక్షరాలు చిన్నవి. ఆ గడిని మాత్రం కత్తిరించి రెండు మూడు రెట్లు పెంచండి. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలుంటే తిప్పేయండి, తెల్లని నేల మీద నల్లని అక్షరాలే దానికి అలవాటు. ఒక్క వరుసే ఉంటే పేజీ సెగ్మెంటేషన్ మోడ్ 7 పెట్టండి.

తెలుగులో ఒత్తుల దగ్గరే పొరపాట్లు ఎక్కువ. ద, ధ తేడా ఒక చిన్న గీత, స్క్రీన్ సైజులో అది ఒక్క పిక్సెల్ కూడా ఉండదు. కొత్త విండోస్‌లో ఫాంట్ కూడా మారొచ్చు. గౌతమి ఫాంట్ విండోస్ 10 నుంచి అదనంగా ఎక్కించుకోవాల్సిన వాటిలోకి పోయింది. అది లేని కంప్యూటర్‌లో పాత ప్రోగ్రాం నిర్మలా యూఐ ఫాంట్‌తో చూపిస్తే అక్షరాల ఎత్తు, వెడల్పు రెండూ మారతాయి, తెలుగు రాత ఉన్న టెంప్లేట్లన్నీ పోతాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ కింద తెలుగు ఫాంట్లు ఎక్కించి చూడండి.

తేజ, చపాటా, వండర్ హాట్ వంటి మిర్చి రకాల పేర్లు లెక్కపెట్టినన్నే ఉంటాయి. చదివినదాన్ని నేరుగా రాయించకుండా, మీ జాబితాలో దానికి దగ్గరి పేరేదో వెతికించండి. రెండు పేర్లకు సమాన దూరంలో ఉంటే ఆగి మనిషిని అడగాలి.

అంకెల్లో భయపెట్టేది దశాంశ బిందువు. 12.40 క్వింటాళ్లు 1240 అయిపోతుంది. బస్తాల సంఖ్యతో సరిచూడమని రాయండి. బస్తాకు 40 కిలోల లెక్కన 30 బస్తాల మిర్చి 12 క్వింటాళ్ల చుట్టుపక్కల ఉండాలి. ఆ హద్దు దాటితే బాట్ నోరు మూసుకుని ఎక్కించకూడదు.

8. సొంత మోడల్ ఉన్నవాళ్లకు

చిత్రంలో వస్తువులను గుర్తించే యోలో మోడల్ వాడి బటన్లకు, గడులకు శిక్షణ ఇచ్చుకున్నవాళ్లు మూడు చూసుకుంటే చాలు.

క్లాసుల (మోడల్ గుర్తించే ఒక్కో రకం) వరుస. డేటా ఫైల్‌లో కొత్త బటన్‌ను నడుమ ఇరికిస్తే నంబర్లన్నీ జరుగుతాయి. సేవ్ అనుకున్నది డిలీట్ అవుతుంది. కొత్తవి ఎప్పుడూ చివరనే చేర్చండి, బాట్ కోడ్‌లో నంబర్ కాకుండా పేరు వాడండి.

చిత్రం సైజు. డీఫాల్ట్ 640. 1920 వెడల్పు స్క్రీన్‌ను 640కి కుదిస్తే 24 పిక్సెళ్ల గుర్తు 8కి వస్తుంది. 1280కి పెంచండి, లేదా స్క్రీన్‌ను ముక్కలుగా ఇవ్వండి.

తిప్పడం. యోలో ప్యాకేజీ అల్ట్రాలిటిక్స్ శిక్షణలో చిత్రాలను సగం సార్లు కుడి ఎడమలు తిప్పుతుంది, ఆ డీఫాల్ట్ 0.5. పిల్లికీ కుక్కకూ పర్వాలేదు. ముందుకు, వెనక్కి బాణాలున్న స్క్రీన్‌కు కుదరదు. 0 చేయండి.

9. చూడనివ్వండి, నొక్కనివ్వకండి

కట్ట పాసయ్యాక కూడా మౌస్ అప్పగించొద్దు. కోడ్‌లో క్లిక్ చేసే చోట ఒక స్విచ్ పెట్టండి. అది ఆఫ్‌లో ఉంటే కొత్త బాట్ బటన్ వెతికి, దొరికిన చోటు చుట్టూ ఎర్ర గడి గీసి, స్క్రీన్‌షాట్‌ను మార్కుతో సహా దాచాలి. అంతే, నొక్కదు. పని పాత బాట్ చేస్తుంది, లేదా గుమాస్తా చేస్తాడు.

మూడు రోజుల తర్వాత ఆ చిత్రాలు తిరగేయండి. అన్నీ చూడక్కరలేదు, తక్కువ మార్కు వచ్చిన 50 చూస్తే చాలు. గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకోండి. "ఇది సేవ్ కాదు సార్, పాత పట్టీ తెరిచినప్పుడు వచ్చే సేవ్" అని అతనే చెప్తాడు. ఆ రెండింటికీ తేడా ఉందని మనకు తెలిసే అవకాశమే లేదు.

10. తరచూ వచ్చే కంప్లైంట్లు

స్క్రీన్‌షాట్ నల్లగా వస్తోంది: రిమోట్ డెస్క్‌టాప్ కిటికీ మూసేశారు, లేదా కంప్యూటర్ లాక్ అయింది. బాట్ నడిచినంతసేపు తెర తెరిచే ఉండాలి.

పొద్దున బాగుంది, కరెంటు పోయి వచ్చాక లేదు: మానిటర్ ఆన్ కాకముందే కంప్యూటర్ లేచి, రిజల్యూషన్ పడిపోయింది. మొదలయ్యేటప్పుడే బాట్ రిజల్యూషన్ చూసుకుని, తేడా ఉంటే ఆగాలి. మానిటరే లేని పెట్టెకు హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ పెట్టండి.

బటన్ దొరికింది కానీ క్లిక్ పక్కన పడుతోంది: స్కేల్ తేడా. స్క్రీన్‌షాట్ వెడల్పు, పైఆటోజీయూఐ చెప్పే స్క్రీన్ వెడల్పు ఒకటేనా చూడండి. కాకపోతే ప్రోగ్రాం మొదట్లోనే డీపీఐ అవేర్ (స్కేల్‌ను పట్టించుకునేలా) చేయండి.

రెండో మానిటర్‌లో ఏదీ దొరకదు: పైఆటోజీయూఐకి ప్రధాన మానిటరే లెక్క. ప్రోగ్రాంను అందులోకి జరపండి.

రాత ఉన్న టెంప్లేట్లు మాత్రమే పోయాయి: క్లియర్‌టైప్ లేదా రిమోట్ డెస్క్‌టాప్‌లోని ఫాంట్ స్మూతింగ్ మారింది.

11. మార్చే రోజు

- పాత వెన్వ్, పాత టెంప్లేట్లు, పాత వెర్షన్ల పెన్‌డ్రైవ్ చేతిలో ఉన్నాయా
- పాతదానికి తిరిగి పోయే షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీద ఉందా, గుమాస్తా దాన్ని మీ ముందు ఒకసారి నొక్కి చూశాడా
- మౌస్‌ను మూలకు తోస్తే బాట్ ఆగుతోందా
- సేవ్ నొక్కాక "సేవ్ అయింది" అనే మాట కనపడిందో లేదో బాట్ చూస్తోందా
- విండోస్ అప్‌డేట్ వేళలు దుకాణం తెరిచే వేళలకు అడ్డు రాకుండా ఉన్నాయా

మొదటి రోజు 20 పట్టీలతో ఆపి, చేత్తో కూడిన మొత్తంతో సరిచూడండి. రూపాయి తేడా లేకుండా వస్తే మిగతావి వదలండి. తేడా వస్తే అక్కడే వెతుక్కుంటూ కూర్చోకుండా పాత షార్ట్‌కట్ నొక్కి, 9వ మెట్టులోని చిత్రాలను ఇంటికి తీసుకుపోకుండా, ఆ కంప్యూటర్‌లోనే దుకాణం మూసినంక చూడండి. వారం నిలబడితే కొత్త పిప్ ఫ్రీజ్ జాబితాను ప్రింట్ తీసి, 2వ మెట్టులో రాసిన కాగితం వెనక పిన్ చేసి గల్లాపెట్టె సొరుగులో పెట్టండి.